మోకాలి మార్పిడి తర్వాత కీలుకు చీము పట్టకుండా: ఆపరేషన్‌కు ముందు నుంచి ఏళ్ల తర్వాత దాకా

కర్నూలు వాళ్లు హైదరాబాద్‌లో, అనంతపురం వాళ్లు బెంగళూరులో, కడప వాళ్లు తిరుపతిలోనో వేలూరులోనో మోకాలి మార్పిడి చేయించుకుని నాలుగైదు రోజులకే ఇంటికి వచ్చేస్తున్నారు. సొంత ఊళ్లోనే చేయించుకునేవాళ్లూ తక్కువేం లేరు. ఎక్కడ చేయించుకున్నా గాయం మానేది మాత్రం ఇంట్లోనే. ఆపరేషన్ చేసిన డాక్టరు 200 కిలోమీటర్ల దూరంలో, మందుల షాపు వీధి చివర. ఇన్ఫెక్షన్ ముదిరిపోయిన కేసుల్లో చాలావాటికి ఈ దూరమే అసలు కారణం.

మొదటిసారి మోకాలి మార్పిడి చేయించుకున్న 100 మందిలో సుమారు ఒకరిద్దరికి కీలులో ఇన్ఫెక్షన్ వస్తుంది. సంఖ్య చిన్నదే, వస్తే పడే బాధ మాత్రం చిన్నది కాదు. తొడ ఎముక చివర తొడిగిన లోహానికీ, కాలి ఎముక మీద అమర్చిన పళ్లానికీ, మధ్యలో ఉండే పాలిఇథిలీన్ ప్లాస్టిక్‌కీ రక్తం అందదు. రక్తం అందని చోటికి తెల్ల రక్తకణాలు సరిగా చేరలేవు, మందూ చేరదు. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫైలోకాకస్ జాతి క్రిములే అక్కడికి చేరితే, లోహానికి అంటుకుని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. నీళ్ల తొట్టి అడుగున పట్టే పాచి లాంటిది అది. తొట్టిలో ఎన్ని నీళ్లు పోసి పారబోసినా పాచి కదలదు, దిగి గీకాల్సిందే.

అందుకే కీలు ఇన్ఫెక్షన్ మాత్రలతో పోదు. లక్షణాలు మొదలైన 3, 4 వారాల్లోపు పట్టుకుంటే మోకాలు తెరిచి, లోపల గీకి కడిగి, ప్లాస్టిక్ భాగం మార్చి, లోహపు కీలును కాపాడుకునే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటి పొర గట్టిపడితే కీలు మొత్తం తీసేయాలి. యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికంగా పెట్టి, సుమారు 6 వారాలు మందులు వాడి, క్రిమి పోయిందని తేలాక మళ్లీ కొత్త కీలు వేయాలి. అంటే రెండు పెద్ద ఆపరేషన్లు, నెలల తరబడి మంచం.

తేదీ ఖరారు చేసుకునే ముందు

మోకాలి మార్పిడి అత్యవసర ఆపరేషన్ కాదు. ఏళ్లుగా ఓర్చుకున్న నొప్పిని ఇంకో రెండు నెలలు ఓర్చుకుని ఒళ్లు సిద్ధం చేసుకోవడం నష్టం కాదు. పిల్లలకు సెలవులు దొరికాయనో, ముహూర్తం బాగుందనో తేదీ పెట్టుకుని దానికి ఒంటిని సర్దడం తలకిందుల పద్ధతి.

అన్నిటికంటే ముందు షుగర్ చూసుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. 7.5 లోపు ఉంటే మంచిది. 8 దాటితే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, వేయడమే న్యాయం. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది, గాయం అంచులు ఆలస్యంగా అతుక్కుంటాయి. షుగర్ లేదనుకునేవాళ్లు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి. తమకు షుగర్ ఉందని ఆపరేషన్ పరీక్షల్లోనే తొలిసారి తెలుసుకునేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. రాగి సంగటి తింటే షుగర్ రాదన్న ధీమా వద్దు. వరి అన్నం కంటే రాగి మేలే కానీ, రెండు పెద్ద ముద్దలు తింటే అదీ పిండి పదార్థమే.

పళ్లు: పుచ్చిన పన్ను, చీము పట్టిన చిగురు ఉంటే ముందే బాగు చేయించుకోవాలి. పన్ను పీకించుకుంటే ఆ పుండు మానాకే మోకాలు.

పాదాలు: దీపం పెట్టుకుని మరీ చూడండి. మడమ పగుళ్లు లోతుగా ఉండి రక్తం వస్తున్నా, కాలి వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడుతున్నా, గోరుచుట్టు ఉన్నా, గజ్జి ఉన్నా నయమయ్యేదాకా ఆగాలి. ఆ పుండ్లలోని క్రిములకు మోకాలు ఎంతో దూరం కాదు. మడమలకు వ్యాజలైన్ రాసి మేజోళ్లు వేసుకుంటే రెండు మూడు వారాల్లో చాలా పగుళ్లు పూడతాయి.

మోకాలిలో వేసే నొప్పి ఇంజెక్షన్: స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని 3 నెలలు దాటకుండా ఆ మోకాలికి మార్పిడి చేయించుకుంటే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఎప్పుడు, ఏ మోకాలికి వేయించుకున్నారో సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. పేరు రాయని పొట్లాల్లో ఇచ్చే కీళ్ల నొప్పుల మాత్రలు ఇంకో చిక్కు. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. ఏళ్లుగా వాడుతుంటే ఆ సంగతి దాచొద్దు, ఒక్కసారిగా మానేయనూ వద్దు. పొట్లం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మామూలుగా దాన్ని ఆపనక్కర్లేదు. అదే జబ్బుకు బయలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక శక్తిని తగ్గించే కొత్త తరం మందులు) తీసుకునేవాళ్లకు మాత్రం ఆపరేషన్ తేదీని ఆ డోసుల మధ్య సర్దాల్సి ఉంటుంది. ఆ లెక్క కీళ్లవాత నిపుణులు చూస్తారు.

బీడీ, సిగరెట్, నమిలే పొగాకు కనీసం 4 వారాల ముందే మానాలి. గాయం పూర్తిగా మానేదాకా మళ్లీ ముట్టకూడదు. నికోటిన్ చర్మానికి వెళ్లే సన్న రక్తనాళాలను బిగిస్తుంది. మోకాలి ముందు భాగంలో కండ తక్కువ, చర్మం పలుచన. రక్తం కాస్త తగ్గినా కుట్టు అంచులు నల్లబడతాయి.

రక్తం తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలతోనో ఇంజెక్షన్‌తోనో ముందే పెంచుకోవాలి. తక్కువ హిమోగ్లోబిన్‌తో టేబుల్ ఎక్కితే రక్తం ఎక్కించాల్సి రావచ్చు, దానితో పాటు ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది.

మే నెలలో కర్నూలులో 42 డిగ్రీల ఎండ, కరెంటు పోతే చెమటకు డ్రెస్సింగ్ అంచులు లేచిపోతాయి. వీలుంటే చలికాలం చూసుకోవడం సుఖం. వీలుకాకపోతే రోగి ఉండే గదికి కూలరన్నా ఏర్పాటు చేయండి, వారానికి రెండుసార్లు తొట్టి ఖాళీ చేసి నీళ్లు మార్చండి.

ముందు రోజు, ఆసుపత్రిలో

ముందు రోజు రాత్రి, ఆపరేషన్ రోజు ఉదయం స్నానం చేయాలి. చాలా ఆసుపత్రులు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం ఇస్తాయి. మెడ నుంచి కిందికి రాసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడగాలి. కళ్లలో, చెవుల్లో పడనివ్వొద్దు. స్నానం తర్వాత నూనె, పౌడర్, పసుపు ఏవీ రాసుకోకూడదు. ఆడవాళ్లు కాళ్లకు పసుపు పూసుకోవడం కనీసం వారం ముందే ఆపితే మంచిది, ఆ రంగులో చర్మం ఎర్రబడటం కనిపించదు. మెట్టెలు, పట్టీలు, కాలికి కట్టిన నల్లదారం, తాయెత్తు తీసేయాలి. మెట్టెలు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే, వాటి కింద ఎంత మురికి పేరుకుంటుందో ఒకసారి తీసి చూపించండి.

మోకాలి మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయొద్దు. బ్లేడు కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, రాత్రికి రాత్రే వాటిలో క్రిములు పెరుగుతాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. ముక్కులో పూసుకునే ముపిరోసిన్ మందు రాసిస్తే రోజుకు 2 సార్లు, 5 రోజులు పూయాలి.

పెన్సిలిన్ పడదని చెప్పేవాళ్లు, అప్పుడు ఏమైందో కూడా చెప్పాలి: దద్దుర్లు వచ్చాయా, ఊపిరాడలేదా, లేక వాంతి మాత్రమే అయిందా. కోత పెట్టే ముందు 60 నిమిషాల లోపు ఇచ్చే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఈ ఆపరేషన్‌కు మొదటి ఎంపిక, అది పెన్సిలిన్‌కు దగ్గరి మందు. ఉత్త వాంతిని అలర్జీగా రాయించుకుంటే ఆ మంచి మందు చేజారి రెండో రకం మందుతో సరిపెట్టుకోవాలి.

మూత్రం గొట్టం, చేతికి పెట్టిన సూది అవసరం తీరగానే తీయించుకోండి, మొహమాటపడొద్దు. సూది పెట్టిన చోట ఎర్రగా, గట్టిగా అయితే ఇంటికి రాకముందే చూపించండి.

డిశ్చార్జి రోజు ఈ కాగితాలు, వివరాలు చేతిలో లేకుండా కారెక్కొద్దు: గాయానికి కుట్ల బదులు వేసిన క్లిప్పులు తీసే తేదీ, డ్రెస్సింగ్ మార్చే తేదీ, రక్తం పల్చబరిచే మందు ఎన్నాళ్లు వాడాలి, గాయం గురించి రాత్రివేళ కూడా మాట్లాడగల ఫోన్ నంబరు, కీలు కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ల కాగితం.

ఇంట్లో మొదటి 2 వారాలు

రోగికి వీలైతే విడి గది ఇవ్వండి. పడసాలలో మంచం వేస్తే వచ్చీపోయేవాళ్లంతా దాని మీదే కూర్చుంటారు. దుప్పటి మూడు రోజులకోసారి మార్చి, ఉతికింది ఎండలో ఆరేయండి. కుక్క, పిల్లి, కోళ్లు, మేకపిల్లలు గదిలోకి రాకూడదు. ఈగలు ఎక్కువైతే దోమతెర పగలు కూడా వాడండి. పలకరించడానికి వచ్చే చుట్టాలను ఆపలేం. కానీ జలుబు, జ్వరం, చర్మం మీద గడ్డలు ఉన్నవాళ్లను వాకిట్లోనే ఆపండి, మిగతావాళ్లను కుర్చీలో కూర్చోబెట్టండి. "ఎట్లుందో చూపించు" అని కట్టు మీద చెయ్యి వేసే ఆప్యాయతకు మాత్రం చోటివ్వొద్దు.

ఇప్పుడు చాలామందికి గాయం మీద నీరు చొరని డ్రెస్సింగ్ పెట్టి పంపుతున్నారు. దాన్ని 7 రోజుల దాకా కదిలించకపోవడమే మేలు. రోజూ కట్టు మార్చితేనే శుభ్రం అన్న పాత నమ్మకం ఇక్కడ పనికిరాదు. విప్పిన ప్రతిసారీ గాయానికి గాలి, వేళ్లు, దుమ్ము తగులుతాయి. గాయం చూడాలంటే కట్టు విప్పనక్కర్లేదు. రోజూ ఇలా చూడండి:

1. పగటి వెలుతురులో, ఒకే వేళకు, ఒకే మనిషి చూడాలి. నలుగురు నాలుగు పూటలు చూస్తే తేడా ఎవరికీ తెలియదు.
2. ముందు చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాలి. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో రుద్దాలి. పమిట చెంగుతోనో భుజం మీది తువ్వాలుతోనో తుడవొద్దు, ఉతికిన పొడి బట్ట వాడండి.
3. డ్రెస్సింగ్ నాలుగు అంచులూ అతుక్కుని ఉన్నాయా, లోపల మరక ఉందా చూడాలి. మరక ఉంటే డ్రెస్సింగ్ మీదే దాని చుట్టూ పెన్నుతో గీత గీసి తేదీ, సమయం రాయాలి. మర్నాటికి మరక గీత దాటిందో లేదో అదే చెబుతుంది.
4. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయాలి.
5. జ్వరం ఉదయం, సాయంత్రం థర్మామీటర్‌తో చూడాలి, పారాసిటమాల్ వేసుకోకముందే. నొప్పి మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది.
6. షుగర్ ఉన్నవాళ్లు పరగడుపున, తిన్న 2 గంటలకు చూసి రాసుకోవాలి. పరగడుపున 130 లోపు, తిన్నాక 180 లోపు ఉండాలి. రెండు మూడు రోజులుగా 200 దాటుతుంటే షుగర్ డాక్టరుకు ఫోన్ చేయండి. కారణం లేకుండా ఒక్కసారిగా పెరిగిన షుగర్ కొన్నిసార్లు లోపల మొదలైన ఇన్ఫెక్షన్‌కు తొలి గుర్తు.

డ్రెస్సింగ్ ముందే మార్చాల్సిన సందర్భాలు మూడే: అంచు లేచి గాలి ఆడుతున్నప్పుడు, లోపలికి నీళ్లు వెళ్లినప్పుడు, మరక అంచు దాకా పాకినప్పుడు. మార్చేది శిక్షణ ఉన్న నర్సు కావాలి. స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) గాజుగుడ్డ ప్యాకెట్టు అప్పటికప్పుడు చించాలి. నిన్న చించి మిగిలిన ముక్క స్టెరైల్ కాదు. గాయానికి తగిలే వైపును వేళ్లతో ముట్టకూడదు. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం వల్ల కొత్తగా పుట్టే కణాలు చచ్చిపోతాయి. యాంటీబయాటిక్ పొడి చల్లితే పైన అట్ట కడుతుంది, దాని కింద ఏం జరుగుతోందో కనిపించదు.

స్నానం: డ్రెస్సింగ్ నీరు చొరనిదని సర్జన్ స్పష్టంగా చెబితే తప్ప మొదటి 2 వారాలు ఆ కాలి మీద నీళ్లు పోయొద్దు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాలు ఇంకో పీట మీద చాచి, మోకాలికి పైనా కిందా నాలుగేసి వేళ్ల మేర పాలిథీన్ కవరు చుట్టి టేపు వేసి, చెంబుతో మిగతా ఒళ్లు కడుక్కోవాలి. బోరు నీళ్లు తేటగా కనిపించినా, డ్రమ్ములో రెండు రోజులు నిల్వ ఉన్న నీళ్లు గాయానికి తగలకూడదు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఎలాగూ కుదరదు కాబట్టి కమోడ్ కుర్చీ వాడతారు. వాడిన ప్రతిసారీ దాన్ని కడగాలి, కమోడ్ కడిగిన చేతులతో నేరుగా మోకాలిని ముట్టకూడదు. వదులు నైటీ, లుంగీ మేలు. చీర కట్టుకుంటే నేల మీద ఈడ్చుకొచ్చిన కుచ్చెళ్లు సరిగ్గా గాయం మీదే పడతాయి.

ఐసు ముక్కల సంచిని బట్ట మీదుగా 15, 20 నిమిషాలు పెట్టొచ్చు, కరిగిన నీళ్లు డ్రెస్సింగ్‌లోకి పోకుండా చూసుకోండి. వేడి కాపడం వద్దే వద్దు. మోకాలి మార్పిడి తర్వాత బయటి వైపు చర్మానికి కొన్ని నెలలు స్పర్శ సరిగా తెలియదు. వేడినీళ్ల సంచి కాల్చినా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది, ఆ బొబ్బ నుంచే క్రిమి లోపలికి పోతుంది.

వ్యాయామం ఆపకూడదు కానీ, రసి కారుతున్న మోకాలిని బలవంతంగా వంచకూడదు. వంచిన ప్రతిసారీ కుట్టు సాగుతుంది, లోపల నిలిచిన రక్తం బయటికి ఉరుకుతుంది. రసి కనిపిస్తే ఆ రోజుకు వంచడం ఆపి సర్జన్‌ను అడగండి. నడక, చీలమండ ఆడించడం ఆపనక్కర్లేదు.

పథ్యం పేరుతో ఆకలి

"పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద, పుల్లటిది తింటే పుండు మానదు." ఈ మాటలు చెప్పి రోగిని చారన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చీము పప్పు వల్ల పట్టదు, క్రిమి వల్ల పడుతుంది. ఆ క్రిమిని చంపే కణాలకూ, చర్మం అతుక్కోవడానికీ మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఇది మన వంటింట్లోనే దొరుకుతుంది: రెండు గుడ్లు 12, రెండు గ్లాసుల పాలో మజ్జిగ కాని చిక్కటి పెరుగో 14, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు 7, రెండు కప్పుల గట్టి పప్పు 16, 100 గ్రాముల వండిన కోడిమాంసం 25. మాంసం తిననివాళ్లు ఉలవలు, అలసందలు, పనీరు పెంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క పాటించే ముందు తమ డాక్టరును అడగాలి. నిమ్మకాయ, ఉసిరి తినొచ్చు, పులుపు పుండును ఏమీ చేయదు.

ఏది మామూలు, ఏది కాదు

మోకాలు వాచి ఉండటం, వాపు చీలమండ దాకా దిగడం, తొడ మీదా పిక్క మీదా నీలం, పసుపు మరకలు రావడం మామూలే. రెండో మోకాలితో పోలిస్తే వెచ్చగా ఉండటం నెలల తరబడి సాగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు కాస్త జ్వరం కూడా ఆపరేషన్ వల్లనే రావచ్చు.

మామూలు కానిది ఏదంటే, తగ్గుతూ వచ్చింది మళ్లీ పెరగడం. నొప్పి నిన్నటి కంటే ఈరోజు ఎక్కువ కావడం, నిన్న నడిచిన మనిషి ఈరోజు కాలు మోపలేకపోవడం. 5 రోజుల తర్వాత 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, వణుకు. గాయం అంచులు విడటం, నల్లబడటం, వాసన. ఎరుపు పాకడం. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనిపించదు. ముదురు గోధుమ లేదా ఊదా రంగులో, చర్మం బిగుసుకుని మెరుస్తూ, చెయ్యి వేస్తే కాలుతూ ఉంటుంది. కాబట్టి రంగు ఒక్కటే చూడకండి, చేతి వెనక భాగాన్ని పెట్టి వేడిని రెండో మోకాలితో పోల్చండి.

పిక్క నొప్పి, పిక్క గట్టిపడటం ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దానికీ ఆ రోజే చూపించాలి. ఆయాసం, గుండెలో నొప్పి తోడైతే 108.

రసి కారితే

ఒక్క విభాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మొదటి రెండు మూడు రోజులు డ్రెస్సింగ్ మీద కొద్దిగా ఎర్రటి, గులాబీ మరక సహజం. 72 గంటలు దాటాక కూడా గాయం తడిగానే ఉంటే సర్జన్‌కు చెప్పాలి. 5 నుంచి 7 రోజులకూ ఆగకపోతే మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లి కడగడం గురించి సర్జన్లు ఆలోచిస్తారు. కారుతున్న గాయం లోపలి నుంచి బయటికి దారి అయితే, బయటి క్రిములకు అదే దారి లోపలికి. ఒకసారి పొడిగా అయిన గాయం మళ్లీ రసి కార్చితే, రంగు ఏదైనా సరే, ఆ రోజే ఫోన్ చేయాలి.

ఈ దశలో జరిగే పొరపాటు దాదాపు ప్రతి ఊళ్లో ఒకేలా ఉంటుంది. పెద్దామె మోకాలు తడిగా ఉందని కొడుకు మందుల షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్తాడు. ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇస్తారు. ఎరుపు తగ్గుతుంది, జ్వరం పోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పైన తేలే క్రిములు చచ్చాయి, లోహాన్ని పట్టిన పొర అలాగే ఉంది. రెండు వారాలకు మళ్లీ వాపు, ఈసారి ఇంకో రకం మాత్ర. చివరికి సర్జన్ దగ్గరికి చేరేసరికి కీలు కాపాడుకునే గడువు దాటిపోతుంది. పైగా మోకాలిలో నీరు తీసి కల్చర్‌కు (ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే క్రిమి పెరగదు, ఎందుకంటే మాత్రలు దాన్ని సగం అణచి ఉంచాయి. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందు ఇవ్వాలో తెలియదు. అప్పుడు మందులు ఆపి సుమారు 2 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాల్సి వస్తుంది.

కాబట్టి నియమం ఒకటే: నీరు తీసి పరీక్షకు పంపేదాకా యాంటీబయాటిక్ ముట్టొద్దు. దీనికి ఒకే మినహాయింపు ఉంది. ఒళ్లు వణికే జ్వరం, మాట తడబడటం, మగత, బీపీ పడిపోవడం ఉంటే అది రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్. అప్పుడు ఏ పరీక్ష కోసమూ ఆగకుండా 108 పిలిచి దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఫోన్‌లో చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి: ఆపరేషన్ తేదీ, ఏ కాలు, రసి ఎప్పటి నుంచి, ఏ రంగు, రోజుకు ఎన్ని గాజుగుడ్డ ముక్కలు తడుస్తున్నాయి, జ్వరం ఎంత, షుగర్ ఎంత, రక్తం పల్చబరిచే మందు వాడుతున్నారా, ఇప్పటికే యాంటీబయాటిక్ వేసుకున్నారా. వేసుకుంటే సిగ్గుపడకుండా పేరు చెప్పండి. ఫోటోలు పంపండి. "వచ్చే వారం రండి" అంటే "గాయం కారుతోంది" అని మళ్లీ చెప్పండి. ఆపరేషన్ చేసిన చోటు అందకపోతే కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగాలు ఉన్నాయి, కృత్రిమ కీలు ఉన్న మోకాలని మొదటి మాటలోనే చెప్పండి. వీధి క్లినిక్‌లో ఎవరైనా సిరంజితో నీరు తీస్తామంటే ఒప్పుకోవద్దు.

ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను పసిగట్టే సీఆర్‌పీ రక్త పరీక్ష గురించి రెండు మాటలు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు అది ఎవరికైనా బాగా పెరుగుతుంది, తర్వాత దిగుతూ 3 నుంచి 6 వారాల్లో మామూలుకు వస్తుంది. అందుకని మొదటి వారంలో ఒక్క రిపోర్టు చూసి బెదరడం, ఊరట పడటం రెండూ తప్పే. దిగుతోందా, ఎక్కుతోందా అన్నదే ముఖ్యం. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసీలీటరుకు ఇస్తాయి. రెంటికీ 10 రెట్లు తేడా. రెండు ల్యాబుల అంకెలు పోల్చేముందు ప్రమాణం చూడండి. అలాంటిదే ఇంకో రక్త పరీక్ష ఈఎస్ఆర్ నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు, తొలి వారాల్లో దాని మాట నమ్మలేం.

క్లిప్పులు తీశాక

సాధారణంగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు. ఊళ్లోనే తీయించుకోమని సర్జన్ అన్నా, స్టెరైల్ రిమూవర్ ఉన్న ఆసుపత్రిలోనే తీయించండి. తీస్తున్నప్పుడు ఎక్కడైనా అంచు విడితే మిగతావి అలాగే ఉంచి ఫోన్ చేయమనండి. తీశాక ఒకటి రెండు రోజులు పొడిగా ఉంచి, తర్వాత సబ్బు నురగ పైనుంచి జారేలా కడిగి, రుద్దకుండా అద్దాలి. పక్కులు వాటంతట అవే రాలాలి.

పక్కులన్నీ రాలి, కనీసం 6 వారాలు దాటేదాకా మోకాలిని నీళ్లలో ముంచకూడదు. మహానంది కోనేరు నీళ్లు ఎంత తేటగా ఉన్నా, తుంగభద్ర స్నానం ఎంత పుణ్యమైనా, ఇంటి ముందే కేసీ కాలువ పారుతున్నా ఇదే లెక్క. పేడకళ్లాపి, పశువుల కొట్టం పని కూడా అప్పటిదాకా వేరేవాళ్లు చూసుకోవాలి. ఆకు పసరు, పసుపు ముద్ద, నాటు కట్టు, నూనె మర్దన ఈ గాయం మీద వద్దు. 6 వారాల తర్వాత చర్మం పూర్తిగా కలిసి ఉంటే మచ్చ మీద కొబ్బరి నూనె మెల్లగా రాయొచ్చు.

ఏళ్ల తర్వాత కూడా

కీలు ఇన్ఫెక్షన్ పదేళ్ల తర్వాత కూడా రావచ్చు. ఒంట్లో ఇంకెక్కడో ఉన్న క్రిమి రక్తంలో కలిసి వచ్చి లోహం మీద వాలుతుంది. చేనులో చెప్పులు లేకుండా నడిచి కంప ముల్లు గుచ్చుకోవడం, దాన్ని పిన్నీసుతో తవ్వుకోవడం, వారానికి పాదం వాచడం మనకు కొత్త కాదు. కృత్రిమ కీలు ఉన్నవాళ్లు ఆ వాపును రెండు రోజులు కూడా ఉపేక్షించకూడదు. షుగర్ ఉన్నవాళ్లు రాత్రిపూట అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. సెగ్గడ్డ, గోరుచుట్టు, మూత్రంలో మంటతో జ్వరం, పంటి కింద చీము, ఇవన్నీ త్వరగా, సరైన డాక్టరు దగ్గర నయం చేయించుకోవాలి.

పళ్ల పనులు వాయిదా వేయగలిగినవైతే మార్పిడి తర్వాత 3 నెలలు ఆగండి. చీము పట్టిన పన్ను మాత్రం ఆగదు, వెంటనే చూపించాలి. పన్ను పీకే ముందు ప్రతి ఒక్కరూ యాంటీబయాటిక్ వేసుకోవాలన్నది పాత పద్ధతి, ఇప్పుడు చాలామందికి అవసరం లేదంటున్నారు. షుగర్ అదుపులో లేనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, ఆ కీలుకు ఇంతకుముందు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు మాత్రం సర్జన్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

మార్పిడి చేసిన మోకాలిలో నొప్పి ఇంజెక్షన్ ఎవరు వేస్తామన్నా వేయించుకోవద్దు. ఏళ్లుగా బాగున్న మోకాలు రాత్రికి రాత్రి వాచి, కాలు మోపనివ్వకపోతే, ముందు వారాల్లో ఏ పుండో జ్వరమో వచ్చి ఉంటే మరీను, తేలేదాకా దాన్ని ఇన్ఫెక్షన్ కిందే లెక్కకట్టి ఆ రోజే వెళ్లాలి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి నాడు ఇచ్చిన స్టిక్కర్ల కాగితం తీసుకెళ్లండి. లోపల కడిగి ప్లాస్టిక్ భాగం మార్చాలంటే అదే కంపెనీ, అదే నమూనా, సరిపోయే సైజు కావాలి. అది తెలియక ముక్క తెప్పించడంలో రెండు రోజులు పోతే, గడువులోంచి పోయినట్టే. ఆ కాగితం ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి.